అంచుదాకా పోసిన టీ

నరీన్ ఊళ్లో పసిపిల్లల తిండి గురించి తల్లులకు పాఠాలు చెప్పే బుర్మకాన్‌ను రోజూ చూస్తూనే ఉంటాం. చంకలో పాఠాలకు వాడే ప్లాస్టిక్ పాప బొమ్మ, నోట్లో ఒకటే మాట: "ఏడాదిలోపు టీ పట్టారంటే బిడ్డకు రక్తం పట్టదు." కోడళ్లను నిలబెట్టి కడిగేస్తుంది. అత్తల ముందు మాత్రం ఆ నోరు తిండికే తెరుచుకుంటుంది. మొన్న నుర్జాత్ అనే కోడలి ఇంట్లో గొర్రెమాంసం నములుతూ, "గిన్నెలో టీ సగమే పొయ్యవే, నిండా పోస్తే వచ్చినవాళ్లను లేచి పొమ్మన్నట్టు," అని ఆ పిల్లకు మర్యాద నేర్పింది. అంతలో నుర్జాత్ అత్త రొట్టెముక్కను టీలో ముంచి, పాలిపోయి ఉన్న పసి మనవడి నోట్లో పెట్టింది. ఆమెకు ఎదురు చెప్పలేని నుర్జాత్ ఆశగా బుర్మకాన్ వైపు చూసింది.

"ఏమ్మా, తప్పా?" అంది అత్త.

"మీ చేత్తో పెడితే ఏదైనా ఒంటికి పడుతుంది, పెద్దమ్మా," అంటూ ఈవిడ మూతి తుడుచుకుని టీ గిన్నె చాపింది.

నుర్జాత్ తల ఎత్తకుండానే ఆ గిన్నెలో అంచుదాకా టీ పోసింది.