కాడి దించని పూట

మంచుకొండల్లోని మా సైనిక పోస్టుకు నేను చేరింది అక్టోబరు మొదటి వారంలో, మధ్యాహ్నం రెండుంబావుకు. ఎత్తు పదిహేను వేల అడుగులు. రాళ్లతో కట్టిన రెండు బంకర్లు, ఒక కిరోసిన్ పొయ్యి, ఎనిమిది మందిమి. బయట మైనస్ పదకొండు. మాది రాయచూరు జిల్లా మాన్వి తాలూకా మల్లట్. అంతకుముందు తొమ్మిదేళ్ల నౌకరీ ఎడారిలోనే గడిచింది. మంచు మీద నడవడం ఈ పోస్టుకు వచ్చాకే నేర్చుకున్నాను.

మా సెక్షన్ కమాండర్ ఒక హవల్దారు, కొండల్లో పుట్టినవాడు. మొదటి సాయంత్రం అందరికీ చాయ్ పోసి హిందీలో చెప్పాడు. "ఇక్కడ మనిషి బలం చాలదు. మీరు బాగా ఎరిగిన జంతువును ఒకదాన్ని మనసులో పెట్టుకోండి. చేతకానప్పుడు అది ఏం చేస్తుందో తలుచుకోండి."

తనది జడలబర్రె అన్నాడు. మాలో ఒక రైఫిల్‌మన్ తనది ఒంటె అన్నాడు. నేను ఎద్దు అన్నాను.

రేడియో ఆపరేటర్‌ది రాయచూరు తాలూకా యాపలదిన్ని. మా జిల్లావాడే కాబట్టి నాతో మన తెలుగే మాట్లాడేవాడు.

"నాది పిల్లి అన్నా. ఎండ యాడ పడితె ఆడ పండుకుంటది. చలి పెడితె పొయ్యి కాడికి పోతది. దానికున్న తెలివి ఎవలికున్నది?"

అందరూ నవ్వారు. నాకు నచ్చలేదు.

"పిల్లి ఏంది రా? ఈడ వారం గూడ బతకదు. ఎద్దు లెక్క ఉండాలె. తల దించి నడువు, అంతే."

వాడు నన్ను సొంత అన్నలా చూసేవాడు. మర్నాడే హవల్దారు దగ్గరికి వెళ్లి తనదీ ఎద్దేనన్నాడు.

అది పని చేయలేదని అనను. పొద్దున ఐదింటికి దారిలో మంచు ఎత్తిపోసేవాళ్లం. ఇరవై లీటర్ల కిరోసిన్ డబ్బా వీపున వేసుకుని రెండు వందల అడుగులు ఎక్కేవాళ్లం. ఊపిరి అందనప్పుడు, కాడికి ఎడమ పక్కన కట్టే మా దాపటెద్దును తలుచుకునేవాణ్ణి. వంచిన మెడ, పక్కకు తిరగని కళ్లు. కాళ్లు వాటంతటవే కదిలేవి.

ఫిబ్రవరిలో ఒక గస్తీ. శిఖరం అంచున ఉన్న రాళ్లగుట్ట దాకా వెళ్లి, చూసి, తిరిగి రావాలి. ముగ్గురం. నేను లీడర్‌ని. ఐదూ నలభైకి బయలుదేరాం. ముందు రైఫిల్‌మన్, మధ్యలో నేను, వెనక ఆపరేటర్. రేడియో సెట్టు వాడి వీపు మీద ఉంది.

ఏడున్నరకు ఆపరేటర్ తల పగిలిపోతోందన్నాడు. ఒక మాత్ర ఇచ్చాను. ఎనిమిదింటికి వాంతి చేసుకున్నాడు. ఆ ఎత్తులో అది దేనికి గుర్తో మాకు శిక్షణలో చెప్పారు. వెంటనే కిందికి దించాలి. నాకు తెలుసు.

ఎనిమిదీ ఇరవైకి పోస్టు నుంచి హవల్దారు గొంతు వినిపించింది. "అందరూ బాగున్నారా? ఓవర్."

ఆపరేటర్ రిసీవర్ నోటి దగ్గర పెట్టుకుని నా వంక చూశాడు. రాళ్లగుట్ట ఇంకా నాలుగు వందల మీటర్లే. నేను తల ఊపాను.

"సబ్ ఠీక్ హై. ఓవర్," అన్నాడు వాడు.

"ఎద్దువి రా నువ్వు. జర దూరమే," అన్నాను. ముందుకు తిరిగాను. ఆ తర్వాత వెనక్కి చూడలేదు. చూస్తే వాడు జాలి కోరతాడని అనుకున్నాను.

తొమ్మిదింటికి రైఫిల్‌మన్ నీళ్లు తాగడానికి ఆగి వెనక్కి తిరిగాడు. అరిచాడు. ముప్పై అడుగుల కింద ఆపరేటర్ బోర్లా పడి ఉన్నాడు. పేరు అడిగితే చెప్పలేకపోయాడు. వంతులవారీగా వీపున మోసుకుంటూ దిగాం. పోస్టుకు చేరేసరికి ఒంటిగంట. ఆక్సిజన్ పెట్టాం. మబ్బు వల్ల హెలికాప్టర్ మర్నాడు పదకొండింటికి గాని రాలేదు.

బతికాడు. మెదడుకు వాపు వచ్చిందన్నారు. నడక మాత్రం మునుపటిలా రాలేదు. ఆసుపత్రి నుంచి నేరుగా ఇంటికి పంపేశారు.

నాకు జూన్‌లో సెలవు దొరికింది. రాయచూరు స్టేషన్లో దిగి, మా ఊరి బస్సు ఎక్కకుండా యాపలదిన్ని వెళ్లాను. వాడు గోడ పట్టుకుని గడప దాకా వచ్చాడు.

"వచ్చినవా అన్నా? కూసో, చాయ్ తాగు." ఒక్కో మాటా వెతుక్కుని అన్నాడు.

వాళ్ల నాయన పొలం నుంచి వచ్చాడు. వాడి ఎదుటే ఆయనకు అంతా చెప్పేశాను. తలనొప్పి, వాంతి, రేడియోలో చెప్పించిన అబద్ధం, నేనన్న ఎద్దు మాట.

"నేనే గద అన్నా ఠీక్ అన్నది," అన్నాడు వాడు.

ఆయన కొడుకు వైపు చూడలేదు. నన్నే చూస్తూ మెల్లగా అడిగాడు. "కూలవడ్డ ఎద్దుకు ముందుగాల కాడి దించుతం గద బిడ్డా. సేద్యగాని ఇంట్ల పుట్టినవు. గది మతికి రాలేదా?"

ఆయన కోప్పడలేదు. జొన్నరొట్టె తినే దాకా కదలనివ్వలేదు.

ఇప్పుడు సైన్యం నౌకరీ ముగిసి, రాయచూరులో ఒక బియ్యం మిల్లు గేటు దగ్గర పని చేస్తున్నాను. అంత చలిలో ఎట్లా నిలిచారని హమాలీలు అడుగుతుంటారు. ఇన్నాళ్లూ ఒంటె, ఎద్దు, జడలబర్రె కథ చెప్పి నవ్వించేవాణ్ణి. మిగతాది చెప్పేవాణ్ణి కాదు.

ఆ రోజు వాణ్ణి మోసుకుని దిగుతున్నప్పుడు దారిలో నా బూటు గుర్తులు కనిపించాయి. దాదాపు అరవై అడుగుల దూరం వాటి మీదుగా వాడి రెండు అరచేతుల ముద్రలు, మోకాళ్లు ఈడ్చిన రెండు చారలు. సెట్టు వాడి దగ్గరే ఉంది. నన్ను గాని, పోస్టును గాని ఒక్కసారి కూడా పిలవలేదు.