మైసమ్మ చెరువు చుట్టూ మా ద్వీపయాత్ర

ఇప్పుడు అద్దాల మేడలు నిలబడి ఉన్న చోట ఆ రోజుల్లో బండరాళ్ళూ, సీతాఫలం పొదలూ, గేదెలూ తప్ప మరేమీ ఉండేవి కావంటే మా అపార్టుమెంటు కుర్రాళ్ళు మర్యాదకి తలూపుతారు గానీ, లోలోపల "పెద్దాయన మళ్ళీ మొదలెట్టాడు" అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనివ్వండి. ఆ రోజుల్లో సైకిలంటే ఆరోగ్యం కోసం తొక్కేది కాదు, బస్సు రాదు కాబట్టి తొక్కేది. పనీపాటా లేకుండా ఊరికే సైకిలు తొక్కుతూ పోయేవాడు కనబడితే, పాపం వీడింట్లో ఏం గొడవ జరిగిందో అని జాలిపడేవాళ్ళం. అలాంటి కాలంలో నేను ఒక సైకిలు యాత్రకి గైడుగా పనిచేశాను. అదీ మధ్యధరా సముద్రపు పద్ధతిలో. (నవ్వకండి, నవ్వాల్సిన చోటు ముందుంది.)

అప్పుడు నాది ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఉద్యోగం అన్నానే గానీ, దాని ముందు 'టెంపరరీ' అన్న తోక ఒకటి ఉండేది. మా మేనత్త తన కూతుర్ని నాకే ఇస్తానని నా చిన్నప్పటి నుంచీ ఊరందరి ముందూ అంటూ వచ్చింది. తీరా నేను కృష్ణాజిల్లా నుంచి హైదరాబాదు వచ్చి ఉద్యోగంలో చేరాక, "పర్మనెంటు అయితే" అని ఒక చిన్న ముక్క చేర్చింది. ఆ చిన్న ముక్క నా నిద్ర చెడగొట్టేది. అత్తయ్య కూతురు అంటే నాకు ప్రాణం మరి. పర్మనెంటు చెయ్యాలా, ఇంటికి పంపాలా అన్నది మా పెద్దసారు నోటి మాట మీద ఆధారపడి ఉంది. అందుకని ఆయన తుమ్మితే నేను "చిరంజీవ" అనేవాణ్ణి, ఆయన నవ్వితే కారణం తెలియకుండానే నవ్వేవాణ్ణి.

ఆ పెద్దసారు ట్రైనింగని విదేశం వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు సెలవు పెట్టుకుని, మధ్యధరా సముద్రంలో ఒక కొండల ద్వీపాన్ని సైకిలు మీద చుట్టి వచ్చారు. ఆ ద్వీపం పేరు ఆయన నోట్లో తేనెలా జారేది, మా నోళ్ళలో మాత్రం తిరిగేది కాదు. అందుకని మేం దాన్ని ద్వీపం అనీ, చాటుగా ఆయన్ని ద్వీపంగారనీ అనుకునేవాళ్ళం. సెలవు అడగడానికి ఆయన గదిలోకి వెళ్ళినవాడు ద్వీపం సగమన్నా చుట్టకుండా బయటికి వచ్చేవాడు కాదు.

"ముందు గైడు ఉంటాడోయ్! చేతిలో ఎర్ర జెండా, మెళ్ళో ఈల. వెనకాల మేమందరం వరసగా. దారి తప్పుతామన్న బెంగే లేదు. సముద్రం ఎప్పుడూ ఎడమ చేతి వైపు ఉండాలి, అంతే! కొండ కుడివైపు, సముద్రం ఎడమవైపు. అలా తొక్కుకుంటూ పోతే బయల్దేరిన చోటికే వచ్చి పడతావు. ఎంత తేలికో చూశావా?" అనేవారు. నేను "అబ్బ!" అనేవాణ్ణి. ప్రతిసారీ కొత్తగా అనేవాణ్ణి.

ఒకరోజు ఆయనకి హఠాత్తుగా ఒక ఆలోచన వచ్చింది. "మనకి మాత్రం కొండల్లేవా? ఖాజాగూడ వైపు ఆ రాళ్ళేమిటి మరి? నీళ్ళూ ఉన్నాయి, చెరువుందిగా. ఈ ఆదివారం ఆఫీసంతా సైకిలు యాత్ర!" అన్నారు. మా హెడ్‌గుమాస్తా ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టి పెరిగిన మనిషి. ఎండా వానా అని లేకుండా ఎప్పుడూ చంకలో గొడుగు ఉండేది కాబట్టి గొడుగు మామ అని పిలిచేవాళ్ళం. ఆయన మెల్లగా, "గా రాళ్ళల్ల ఏమున్నది సార్, తేళ్ళు తప్ప. ఐతారం పూట ఎందుకు సార్ పరేషానీ," అన్నాడు. "ద్వీపంలో తేళ్ళుండవోయ్," అన్నారు పెద్దసారు, మిగతాది వినిపించుకోకుండా. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు ఒకసారి అటు పిక్నిక్ వెళ్ళావటగా? నువ్వే మన గైడువి," అన్నారు. వెళ్ళిన మాట నిజమే. లారీలో వెళ్ళాను, దారి పొడుగునా నిద్రపోయాను. గొడుగు మామని గైడుగా పెట్టండి సార్ అందామని నోటిదాకా వచ్చింది గానీ, అత్తయ్య కూతురు కళ్ళ ముందు మెదిలి మింగేశాను.

ఆదివారం పొద్దున్నే పెద్దసారు నిక్కరు వేసుకుని వచ్చారు. ఫైలు వెనక తప్ప ఆయన్ని ఎప్పుడూ చూడని మేము, ఆ మోకాళ్ళని చూసి ఎటు చూడాలో తెలియక ఆకాశం కేసి చూశాం. మావి సగం కిరాయి సైకిళ్ళు. ఒకదానికి బ్రేకు లేదు, ఒకదానికి సీటు బదులు గోనెపట్టా మడత. ద్వీపంలో అయితే తిండి సామాను మోసుకుని వెనకాల వ్యాను వస్తుందట. ఇక్కడ ఆ వ్యానూ నేనే. పెద్దసారు గారి ఇంట్లో అమ్మగారు చేసి పంపిన పులిహోర, పెద్ద స్టీలు డబ్బాడు, నా క్యారియరుకి తాళ్ళతో కట్టారు. మెళ్ళో ఈల, హ్యాండిలుకి ఎర్ర జెండా (అది మా ఆఫీసు బల్ల మీది గుడ్డ), వెనక పులిహోర వాసన. ఆ వైభవంతో బయల్దేరాను.

చెరువు దాకా బాగానే వెళ్ళాం. అక్కడినుంచి నాకు దారి తెలియదు. కానీ పెద్దసారు చెప్పిన సూత్రం ఉందిగా! ఈల వేసి, "నీళ్ళు ఎడమ చేతి వైపు ఉంచుకోండీ!" అని అరిచి ముందుకి సాగాను. "శభాష్!" అన్నారు పెద్దసారు. ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. చెరువు సగానికి ఎండి, నెర్రెలు విచ్చిన ఒండ్రు కనబడుతోంది. కట్ట మీద వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి, దాని ముందు మట్టి ప్రమిద. చెరువుని కాపాడే కట్ట మైసమ్మ. పక్కనే ఒక అవ్వ రెండు గేదెల్ని మేపుకుంటూ మమ్మల్ని నోరు తెరుచుకుని చూసింది. కట్ట దిగి, రాళ్ళ సందుల్లో కాలిబాట పట్టి, ఎక్కి, దిగి, సైకిళ్ళు మోసి, మళ్ళీ తొక్కి చాలాసేపు వెళ్ళాం. మళ్ళీ ఒక కట్ట వచ్చింది. దాని మీద వేపచెట్టు, పసుపు రాయి, అవ్వ, గేదెలు.

"చూశారా, ఎంత భక్తో! ప్రతి చెరువుకీ ఒక అమ్మవారు," అన్నారు పెద్దసారు రొప్పుతూ. వెనకనుంచి గొడుగు మామ, "సార్, గీ అవ్వను జర ఎక్కడనో చూసినట్టున్నది," అన్నాడు. "ఈ ప్రాంతంలో అవ్వలందరూ ఒకేలా ఉంటారోయ్. ద్వీపంలోనూ అంతే," అన్నారు పెద్దసారు. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చి ఇంకా గట్టిగా ఈల వేశాను. మళ్ళీ రాళ్ళు, మళ్ళీ ఎక్కడం, మళ్ళీ మోయడం. ఈసారి కట్ట ఎక్కేసరికి అవ్వ ఒంటరిగా లేదు. ఊళ్ళోంచి పదిమంది దాకా వచ్చి కూర్చున్నారు. అవ్వ దారికడ్డంగా కర్ర పట్టుకుని నిలబడింది.

"ఓ సారూ, ఆగుండ్రి! ఏంది గిట్ల తిరుగుతున్నరు? పొద్దుగాల సంది సూస్తున్న. అమ్మను ఎడమ దిక్కు పెట్టుకొని ఎవలన్న సుట్లు తిరుగుతరా? ఉల్టా తిరిగితే అమ్మకు కోపం రాదా? గందుకే వానలు పడ్తలేవు!" అంది.

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ద్వీపానికి నీళ్ళు బయట ఉంటాయి, చెరువుకి నీళ్ళు లోపల ఉంటాయి. ద్వీపంలో నీళ్ళు ఎడమవైపు పెట్టుకుంటే కొండలన్నీ చుట్టి రావచ్చు. ఇక్కడ పెట్టుకుంటే ఆ చెరువు చుట్టూనే గానుగెద్దులా తిరగడం తప్ప గతి లేదు. ఇంత చిన్న ముక్క ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కడి బుర్రకీ తట్టలేదు. పెద్దసారు ముఖం చూశాను. ఎర్రగా కందిపోయి ఉంది. ఎండకి కాదు.

"మేం ఇవాళేగా అమ్మా వచ్చింది! వానలు ఎప్పటినుంచో లేవుగా!" అన్నారు ఆయన.

"ఇయ్యాల మీరు, నిన్న ఇంకెవ్వరో!" అంది అవ్వ తడుముకోకుండా. "మొక్కు మొక్కుకుంటే సక్కగ తీర్చుకోవాలె. ఎన్ని సుట్లు ఉల్టా తిరిగిండ్రో, గన్ని సుట్లు సీదా తిరుగుండ్రి."

"మొక్కు కాదమ్మా, ఇది సైకిలు యాత్ర. మధ్యధరా సముద్రంలో..." అని పెద్దసారు మొదలుపెట్టారు.

"సముద్రమో గిముద్రమో, మైసమ్మ కుడిచేతికి ఉండాలె!"

గొడుగు మామ పెద్దసారు చెవిలో, "సార్, మా దిక్కు మనుషులు నాకు ఎర్కే. తిరగకుంట పోనియ్యరు. ఫికర్ చెయ్యకుండ్రి, తిరుగుదాం," అన్నాడు. "కనీసం పులిహోర తిని..." అన్నారు పెద్దసారు నీరసంగా. అవ్వ అప్పటికే నా క్యారియరు మీది డబ్బా వాసన పట్టింది. "పరసాదం గూడ తెచ్చిండ్రా! బంగారు తండ్రులు! సుట్లు అయినంక అమ్మకు పెట్టి తిందురు గాని," అని డబ్బా విప్పించి మైసమ్మ ముందు పెట్టి, దానికి కాపలాగా తనే కూర్చుంది. సైకిలు తిప్పుతూ పెద్దసారు నా పక్కకి వచ్చి, పళ్ళ బిగువున, "రేపు ఆఫీసులో నీ సంగతి చూస్తాను," అన్నారు. అత్తయ్య కూతురు పెళ్ళిపీటల మీద వేరే ఎవరి పక్కనో కూర్చున్నట్టు నాకు కళ్ళకి కట్టింది. ఈల వెయ్యబోతే గాలి తప్ప చప్పుడు రాలేదు.

కుడివైపు చెరువు, ఎడమవైపు రాళ్ళు. మొదటి చుట్టంతా తలలు దించుకుని తొక్కాం. రెండో చుట్టులో ఎక్కడినుంచో చల్లగాలి తగిలింది. రాళ్ళ మీది తొండలు సందుల్లో దాక్కున్నాయి. మణికొండ వైపు ఆకాశం నల్లబడింది. ఆ గాలికి పెద్దసారు కాళ్ళకి ఏం బలం వచ్చిందో గానీ, నన్ను దాటి ముందుకి పోయి, "ఏమోయ్ గైడూ, జెండా ఏదీ!" అని కేకేశారు. ఆ చుట్టూ పూర్తయి కట్ట ఎక్కుతుండగా మొదటి చినుకు నా ముక్కు మీద పడింది. ఆ వెంటనే కుండపోత! గొడుగు మామ జీవితమంతా ఎదురుచూసిన క్షణం అదే కాబట్టి, తొక్కుతూనే ఠక్కున గొడుగు విప్పాడు. గాలి ఆ గొడుగుని పట్టుకుని, ఆయన్నీ సైకిల్నీ కట్ట మీంచి తీసుకెళ్ళి మెత్తగా ఒండ్రులో కూర్చోబెట్టింది. ఆయన లేచి నిలబడి, ఒళ్ళంతా బురదతో, "అరె, నీళ్ళొస్తున్నయి సార్ చెరువులకు!" అని చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

ఊరి వాళ్ళు ఎగిరారు, మేమూ ఎగిరాం. అవ్వ ఏడుస్తూ నవ్వుతూ పెద్దసారు నుదుట ఇంత బొట్టు పెట్టింది. "మా తండ్రీ, నీ సుట్టు ఫలించింది. నీ కడుపు సల్లగుండ!" అంది. వాన నీళ్ళు కలిసిన పులిహోర తలా ఇంత అరచేతిలో పెట్టారు. అంత రుచైన పులిహోర నేను మళ్ళీ తినలేదు. పెద్దసారు బొట్టు కరిగి ముక్కు మీదుగా కారుతుంటే తుడుచుకోకుండా తింటూ, చెరువు వైపే చూస్తూ, "ద్వీపంలో వాన పడలేదోయ్," అన్నారు.

సోమవారం గదిలోకి పిలిచారు. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"నీకు దారి తెలియదు," అన్నారు.

"తెలియదండి."

"ఉన్నచోటే తిప్పావు."

"తిప్పానండి."

"కానీ ఒక్కణ్ణీ తప్పిపోనివ్వలేదు. ఇంతమందిని, ఇంతసేపు, ఉన్నచోటే తిప్పుతూ, ముందుకి పోతున్నామనే నమ్మకం కలిగించావు. సర్కారు ఉద్యోగానికి ఇంతకంటే ఏం కావాలోయ్!" అని ఆయన పగలబడి నవ్వారు. కారణం తెలిసి నేను నవ్వడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఆయన నోట ద్వీపం మాట వినలేదు. సెలవు అడగడానికి వెళ్ళినవాళ్ళంతా మైసమ్మ చెరువు చుట్టి బయటికి వచ్చేవాళ్ళు. నేను పర్మనెంటు అయ్యాను. అత్తయ్య తన మాటలో చివర చేర్చిన ముక్క తీసేసింది.

ఇప్పుడు ఆ చెరువు మా బాల్కనీలోంచి కనబడుతుంది. చుట్టూ నడిచేందుకు బాట వేశారు. ఆదివారాలు హెల్మెట్లు పెట్టుకుని సైకిళ్ళ గుంపులు వస్తాయి, ముందొక గైడు, హ్యాండిలుకి ఫోను. మొన్న ఒక గైడు ఆగి, "అంకుల్, లేక్ చుట్టూ రౌండ్ వెయ్యాలంటే ఇటేనా?" అని అడిగాడు. "నీళ్ళు కుడిచేతి వైపు ఉంచుకో నాయనా," అన్నాను. "మ్యాప్ ఇటు చూపిస్తోందంకుల్," అని నవ్వి ఎడమకి పెట్టుకుని వెళ్ళిపోయాడు. మెళ్ళో ఈల కూడా లేదు, పాపం.

మోకాళ్ళు సైకిలుకి ఒప్పుకోవు కాబట్టి మా ఆవిడా నేనూ సాయంత్రాలు నడుస్తాం. గేటు దాటగానే ఆవిడ నీళ్ళు ఎడమవైపు ఉండే దారి పడుతుంది. "ఎటు తిరిగినా వచ్చేది మన గేటుకే కదండీ, ఎవరు చూడొచ్చారు?" అంటుంది మా అత్తయ్య కూతురు. ఎవరూ చూడరు. అవ్వ ఎప్పుడో పోయింది, పెద్దసారూ పోయారు, గొడుగు మామ పోయాడు. అయినా నేను ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పి, నీళ్ళు కుడివైపుకి వచ్చేలా నడిపిస్తాను. ఉల్టా తిరిగే ధైర్యం నాకు లేదు. సీదా తిరిగినందుకే కదా ఈ చెయ్యి దొరికింది.