టెక్సాస్‌లో పనిచేయని యాప్

ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో నా రూమ్మేట్ నాకన్నా రెండేళ్లు పెద్ద. టెన్నిస్ మీద పందెం ఎలా కాయాలో నాకు నేర్పిన గురువు ఆయనే. "క్రికెట్ల వాన పడ్తది, డ్రా అయితది. ఇక్కడ గట్లుండదు తమ్మీ. ఇద్దర్ల ఒకడు గెల్వాల్సిందే," అనేవాడు. ఆ గెలిచేవాడిని వదిలి రెండోవాడి మీద కాయడం నా ప్రత్యేకత. టెన్నిస్‌లో సున్నాని లవ్ అంటారని తెలిశాక, ఈ ఆట నా జీవితం చూసి కనిపెట్టారేమో అనిపించింది. ఐదు డాలర్లు పోగానే మానేశాను.

ఆయన మానలేదు. ఫోన్‌లో పందేల యాప్ ఎప్పుడూ తెరిచే ఉండేది. ప్రతి సర్వ్‌కీ ముందు ఫోన్‌ని చొక్కా అంచుతో తుడిచేవాడు. పప్పన్నం కలుపుతూ కూడా ఎడమచేత్తో తుడిచేవాడు.

చదువయ్యాక ఉద్యోగం లేకుండా ఆయన్ని ఇక్కడ ఉండనిచ్చే రోజులు ఇంకో వారంలో అయిపోతాయనగా, టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఆయనకు ఆఫర్ వచ్చింది. సోమవారం పొద్దున్నే జాయిన్ కావాలి. నేను ఎగిరి గంతేశాను. ఆయన ఫోన్ తుడుస్తూ, "టెక్సాస్‌ల ఈ యాప్ పన్జెయ్యదు తమ్మీ. అక్కడ పందేలు బంద్," అన్నాడు.

"అన్నా, నీ వీసా పోతది!" కంగారులో నాకూ ఆయన యాసే వచ్చేసింది.

సాయంత్రం ఐదులోగా జవాబివ్వాలి. నాలుగున్నరకు లాప్‌టాప్ నా వైపు తోశాడు. "నువ్వే కొట్టు. నాతోటి అయితలేదు."

యాక్సెప్ట్ నొక్కాను. ఆయన మళ్లీ ఫోన్ తుడుచుకుంటూ కూర్చున్నాడు. శనివారానికి టికెట్ బుక్ చేయబోతుంటే మాత్రం నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆదివారం ఫైనల్ ఉంది గదా తమ్మీ. అది అయినంక ఉన్న ఫ్లైటే చూడు."