పేడనీళ్ళతో కడిగేసిన సాక్ష్యం

ఆ రోజుల్లో కొత్త కోడలి మంచిచెడ్డలు వాకిలి చూసి చెప్పేసేవారు. పొద్దెక్కేలోగా పేడనీళ్ళు చల్లి ముగ్గు వేయకపోతే పుట్టింటి పరువు పోయినట్టే. నేనేమో అందరికంటే ముందు లేచి మెప్పు పొందాలనుకునే రకం (ఆ మెప్పు ఒక్కరోజూ రాలేదు, అది వేరే మాట). పెళ్ళయిన రెండో నెలలో, శృంగవరపుకోట అవతల మా అత్తారి ఊళ్ళో, ఒక తెల్లవారుజామున లేచి చూస్తే వాకిలంతా బురద కాళ్ళ గుర్తులు. ఎవరో తొక్కేశారని తిట్టుకుంటూ పేడనీళ్ళు దండిగా చల్లి, చీపురుతో రుద్ది, పెద్ద ముగ్గు పెట్టేశాను.

కాసేపటికి పొరుగింటి మావ పోలీసు హెడ్డు గారిని వెంటబెట్టుకుని వచ్చాడు. రాత్రి ఆయన మేకపోతును ఎవరో విప్పుకుపోయారట. అడుగులు వాళ్ళ మేకల సాల నుంచి మా వాకిట్లోకే రావడం చీకటితోనే చూసి, నేను లేవకముందే స్టేషనుకు పోయాడట. ముందురోజే నీటి కాలవ దగ్గర మా ఆయనతో తగువు పడ్డాడు, ఇక అనుమానం ఎవరి మీదుంటుంది? అడుగులెక్కడ అని హెడ్డు గారు అడిగారు. గుమ్మం చాటు నుంచి, కాస్త గర్వంగానే, అన్నీ తుడిచేశానని చెప్పాను.

ఆయన ముఖం మారిపోయింది. ఎవరు తుడవమన్నారన్నారు. అప్పుడు మా ఆయన (అంతవరకూ నాతో పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి) ముందుకొచ్చాడు.

“నానే తుడిసీమన్నానండి. దానికేటీ తెల్దు.”

అంతే, ఆయన్ని స్టేషనుకు తీసుకుపోయారు. కొంగు బిగించి నేనూ వెనకాలే పోయాను. అక్కడ హెడ్డు గారు నిదానంగా చెప్పారు: సాక్ష్యాన్ని కావాలని చెరిపినా, ఒకరిని కాయడానికి అబద్ధం చెప్పినా న్యాయానికి అడ్డుపడ్డట్టేనని, దానికి జైలుందని, తెలియక చేస్తే మాత్రం వేరే సంగతని. ఈసారి నేను ముందుకొచ్చాను.

“బాబూ, ఆయన సెప్పనేదు. పొద్దెక్కీసరికి వాకిలి తడవకపోతే మా అత్త నన్ను బతకనీదు. అందుకే సల్లీసినాను.”

“అయితే నీ మొగుడు అబద్ధమాడినాడా?”

“ఆడినాడు బాబూ. నన్నట్టుకుపోతారని బయపడిపోనాడు.”

హెడ్డు గారు రాస్తున్న కాగితం పక్కన పెట్టేశారు. ఆయనింట్లోనూ వాకిలి అలాగే తడుస్తుంది కాబోలు. మధ్యాహ్నానికి మేకపోతు పక్క ఊరి జీడితోటలో కట్టేసి దొరికింది. మావ కేసొద్దన్నాడు, మమ్మల్ని వదిలేశారు. ఆ అడుగులెవరివో మాత్రం ఇప్పటికీ తెలీదు (తెలిసే దారి నేనే తుడిచేశాను కదా).

మా వైపు మొగుడు ముందు, పెళ్ళాం వెనక నడవాలి. ఆ రోజు తిరుగుదారిలో ఆయన మాటిమాటికీ ఆగి, నేను పక్కకు వచ్చాకే కదిలాడు. ఎందుకలా చెప్పావని అడిగితే, “నివ్వు నడు” అన్నాడు. ఆయన పోయి మూడేళ్ళు. ఇప్పటికీ సంతకు ఒక్కదాన్నే పోతుంటే, వెనకబడిపోయానేమోనని గబగబా అడుగులేస్తాను. అందుకోవాల్సిన మనిషి లేడని గుర్తొచ్చాక, ఆ పిచ్చి కోడలిని తలచుకుని నవ్వుకుంటూ నెమ్మదిస్తాను.