ఫ్యూజులు ఇవ్వనన్న రోజు

మొన్న కోవూరులో మా అమ్మాయి ఇంటికి ఫాల్స్ సీలింగ్ వేయిస్తున్నారంటే చూడబోయాను. తెల్లటి పలకలకు గుండ్రటి రంధ్రాలు కోసి, లైట్లు లోపలికి ఇమిడిపోయేలా బిగిస్తున్న ఎలక్ట్రీషియన్, ఎండవేడి దిగకుండా పైనంతా థర్మాకోల్ పరుస్తున్నానన్నాడు. లైట్ల మీద కూడానా అని అడిగితే నవ్వి, "ఇవి ఎల్ఈడీలు పెద్దమ్మా, వేడెక్కవు" అన్నాడు.

"దాని వెనక కరెంటు మార్చే డబ్బా ఉండాదే, అది కూడా వేడెక్కదా అబ్బయా?" అని, మెయిన్ ఆపించి, అమ్మాయి వద్దంటున్నా వినకుండా అరవై ఆరేళ్ల మోకాళ్లతో నిచ్చెనెక్కాను.

నన్ను నిచ్చెన ఎక్కొద్దనడం కొత్త కాదు. మా నాన్న వైర్‌మన్. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయిన ఏడు, పెళ్లికాని నేను ఓణీ మీద ఆయన పాత చొక్కా తొడుక్కుని, ఆయన కింద నిలబడి చెబుతుంటే పైన పని చేసేదాన్ని. ఆడపిల్లకు ఈ పనేమిటని ఊరంతా అంది, నేను వినలేదు.

ఆ ఏడే మా చర్చికి చెక్కల కప్పు వేశారు. సంఘపెద్ద మాకు వరసకు పెదనాన్న; పట్నంలో చూసొచ్చి, బల్బులు కప్పులోనే దాగి ఉండాలన్నాడు. రేకు డబ్బాలు చేయించి, ఒక్కోదాని చుట్టూ జానెడు ఖాళీ వదిలి, వైర్ల అతుకులన్నీ మూత ఉన్న పెట్టెల్లో పెట్టి, పైన ఏదీ కప్పొద్దని నాన్న మరీమరీ చెప్పాడు. వారం తిరక్కముందే, ఉక్కగా ఉందని పెదనాన్న కప్పు మీద ఈతచాపలు పరిపించాడు.

శనివారం సాయంత్రం పాటల సాధనకు వెళ్తే కాలిన వాసన. బయటెవరో చెత్త తగలబెడుతున్నారన్నారు అందరూ. నేను మెయిన్ ఆపి, ఫ్యూజులన్నీ పీకి కొంగున ముడేసుకుని ఇంటికొచ్చేశాను. వెనకే పెదనాన్న వచ్చాడు.

"రేపు ఆరాధన ఉండాది. ఫ్యాన్లు లేకుండా, మైకు లేకుండా ఎట్టా? మర్యాదగా ఇచ్చేయ్."

"చాపలు తీసినాక ఇస్తా పెదనాన్నా. అందాకా ఇయ్యను."

నీ కూతురికి నువ్వన్నా చెప్పమని ఆయన నాన్న మీదికి వెళ్తే, నాన్న మంచంలోంచే, తడబడే నాలుకతో, "పని చేసింది అది. దాన్నే అడుగు" అన్నాడు.

మర్నాడు పాటల పుస్తకాలతో విసురుకుంటూ జనం నావైపే చూశారు. నేను తల దించలేదు. ఆరాధన అయ్యాక, నాదే తప్పని చూపించడానికి పెదనాన్న తానే కప్పు మీదికెక్కాడు. తర్వాత ఒక చాప కిందపడింది. దాని నడుమ అరచేయంత మేర మాడి నల్లబడి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. ఆయన చాపలన్నీ తానే లాగి పడేసి దిగాడు. పొరపాటైందని అనలేదు కానీ, నేను బల్బులు సరిచూడడానికి ఎక్కినప్పుడు, నిచ్చెనను రెండు చేతులతో పట్టుకున్నది ఆయనే.

మా అమ్మాయి ఇంట్లో ఆ ఎలక్ట్రీషియన్ కూడా సణుక్కుంటూనే లైట్ల చుట్టూ థర్మాకోల్ తీసేశాడు, వేలాడుతున్న అతుకులకు పెట్టెలు బిగించాడు. అంతవరకూ నేను కదల్లేదు.

మన కాలంలో వైర్లు టేకు పట్టీల మీద గోడల వెంట బాహాటంగా పాకేవి, మీకు గుర్తుండే ఉంటుంది. అందంగా ఉండేవని అనను. కానీ నాన్న గుమ్మంలో నిలబడి ఒక్కసారి కలయజూసి, ఆ ఇంటికి ఎక్కడ నలతగా ఉందో చెప్పేసేవాడు. ఇవాళ ఆయన మా అమ్మాయి హాలుకొస్తే, అంత వెలుగులోనూ, ఎటు చూడాలో తెలియక అక్కడే నిలబడిపోతాడు.