ఏడో నెలలో ఖాళీ చేయించాను

గల్ఫ్‌లో, అల్ మన్సూరా పేటలో మాది రెండు పడగ్గదుల ఫ్లాట్. మా ఆయన కంపెనీ ఇచ్చే ఇంటి అలవెన్సుతో అద్దె గడిచిపోయేది. అయినా రెండో గదిని ఇంకో జంటకు ఇచ్చాం, ఆ అద్దె నాదన్న ఒప్పందం మీద. నాకు ఉద్యోగం లేదు. ఉల్లిపాయలకైనా ఆయన ముందు చెయ్యి చాచేదాన్ని. అలాంటిది ప్రతి ఒకటో తారీఖున నా చేతిలో రెండు వేల రియాళ్లు పడేవి. వాటికి ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. ఆ రుచి మరిగాను.

వచ్చినవాళ్లది నిజామాబాద్ వైపు. అతను స్టేడియం పనుల్లో సూపర్‌వైజర్. ఆ అమ్మాయి నన్ను అక్కా అనేది. ఇద్దరికీ ఒకే వంటగది. నా కూరల్లో బెల్లం చూసి ఆమె నవ్వేది, ఆమె కారానికి నాకు కళ్లనీళ్లు కారేవి. ఆమెకు నెల తప్పింది. ఊరినుంచి తల్లి రావడం కుదరలేదు. అయిదో నెలలో నేనే పీట మీద కూర్చోబెట్టి గాజులు తొడిగాను, ఒడిలో చలిమిడి పెట్టాను. "మా అమ్మ రాలేదన్న బాధ లేదక్కా ఇగ" అంది.

అప్పటికి ఊరంతా అక్కడ జరగబోయే ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మాటే. ఒక బ్రోకరు మా ఇంటికొచ్చి, ఆ నెల రోజులకీ గదికి నాలుగింతల అద్దె వస్తుందన్నాడు. ముందే ఖాళీ చేయించి ఫొటోలు తీయాలన్నాడు.

మా ఆయన ఒప్పుకోలేదు. "ఏడో నెల వచ్చింది. కడుపుతో ఉన్న మనిషిని ఇల్లు కదిలించకూడదంటారు, మనకెందుకా పాపం" అన్నారు. ఏ పట్టింపూ లేని మనిషి ఆయన. చలిమిడి పెట్టిన నేనేమో, "అవన్నీ సొంతిళ్లలో చూసుకోవాలి, ఈ అద్దె కొంపలో ఏమిటి" అన్నాను.

ఆ అమ్మాయికి చెప్పింది కూడా నేనే. గిన్నెలు తోముతున్నదల్లా కుళాయి కట్టేసింది.

"కాన్పు అయ్యేదాంక ఉంటమక్కా. గావాల్నంటే అయిదు వందలు ఎక్కువిస్తం."

కుదరదన్నాను. నాలుగింతలు వస్తుంటే అయిదు వందలెవరికి కావాలి? ఆమె మళ్లీ అడగలేదు. వారంలో అల్ వక్రాలో ఇల్లు దొరికిందని వెళ్లిపోయారు. ఆ రోజు లిఫ్టు పనిచేయలేదు. నడుం పట్టుకుని, రెండుసార్లు ఆగి మెట్లు దిగింది. నేను పైనే నిలబడ్డాను. ఒక సంచి అయినా అందుకోలేదు.

కొత్త పరుపు కొన్నాను, తెల్ల దుప్పట్లు కొన్నాను. బ్రోకరు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆటలు చూడ్డానికి వచ్చినవాళ్లు హోటళ్లలో దిగారు, ఓడల్లో దిగారు, ఎడారిలో వేసిన డబ్బా గదుల్లో దిగారు. మా మెట్లెక్కినవాడు ఒక్కడూ లేడు. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది.

మగపిల్లాడు పుట్టాడని తెలిసి, పురుడు వెళ్లాక వెండి మొలతాడు పట్టుకుని అల్ వక్రా వెళ్లాను. మెట్రో నిండా జెర్సీలేసుకున్న జనం. వాళ్లను చూస్తే ఒళ్లు మండింది. ఆ అమ్మాయి తిడితే పడదామనే వెళ్లాను. ఆమె టీ ఇచ్చింది, బిడ్డను నా ఒళ్లో పెట్టింది. ఇప్పుడు ఫ్లాటు అద్దె కాగితం వాళ్ల పేరు మీదే ఉందని, ఒక గది అద్దెకు ఇస్తున్నామని చెప్పింది. అంతలో ఫోన్ మోగింది. గది కోసమే, ఎవరో తెలుగావిడ.

"ఆ, గది ఉన్నది. నీకు కడుపు గిట్ల ఉన్నదా అమ్మా? ఎన్నో నెల? అట్లయితే వద్దులే, వేరేది చూసుకో."

ఫోన్ పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"ముందే అడుగుతున్నక్కా. ఎన్కసీరి ఖాళీ చెయ్యమంటే వాళ్లకే కష్టం గద. నీ దగ్గర్నే నేర్చుకున్న."

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నేర్చుకుంది.