టిష్యూ ప్యాకెట్ పెట్టిన చోటు

బుకిట్ బటోక్‌లో ఉన్న చిన్నకూతురింటికి ట్రైన్‌లో పోతుంటే, పక్కన ఒక తెలుగుపిల్ల కాలేజీ బ్యాగు ఒళ్లో పెట్టుకుని వాలిపోయి ఉంది. పలకరించాను.

"పరీక్ష పోయింది ఆంటీ. బయటి దేశాల పిల్లలకి సాయంత్రం విడిగా పాఠం చెప్తారు. వెళ్తే నాకేమీ రాదని అందరికీ తెలిసిపోద్ది. ఎగ్గొట్టి ఇంటికి పోతున్నా. ఇంక చదువే మానేస్తా."

నా చదువెంత, నేను చెప్పేదెంత? సంచిలోంచి టిష్యూ ప్యాకెట్ తీసిచ్చాను. కళ్లు తుడుచుకోబోయింది.

"అందుక్కాదే తల్లీ. ఇక్కడ హాకర్ సెంటర్‌లో, ఆ తిండి దుకాణాల దగ్గర, బల్ల మీద ఇది పెట్టి అన్నం తెచ్చుకోను పోతే, ఆ చోటు మనదేనని వదిలేస్తారు గానీ ఎవరైనా ముట్టుకుంటారా? ఆ క్లాసులోనూ పెట్టు."

"టీచర్ తిడుతుంది ఆంటీ," అని నీరసంగా నవ్వింది.

తర్వాతి స్టేషన్‌లో దిగి, కాలేజీ వైపు పోయే ట్రైన్ ఎక్కింది. ప్యాకెట్ చేతిలోనే ఉంది.

బుకిట్ బటోక్‌లో దిగి ఎండలో నడుస్తూ, నా చెమట కొంగుతోనే తుడుచుకున్నాను.